పెనీనా పామ్ చెట్లు

మార్చిలో ఒక గురువారం చర్చిలో పాటల సాధన జరుగుతుండగా పెనీనా తల పట్టుకుని కుర్చీలో కూర్చుంది. "కాస్త మంచినీళ్ళివ్వండి" అంది. నీళ్ళు తెచ్చేలోపే ప్రాణం పోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు డాక్టర్లు.

ఆమె భర్త వారన్ హిస్లప్ మా ఆష్‌బర్టన్ శివార్లలోని మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గొర్రె మాంసం నుంచి ఎముకలు తీసే బల్ల దగ్గర అతనూ నేనూ పక్కపక్కన నిలబడి చాలా ఏళ్ళు గడిపాం. ఇళ్ళు కూడా ఒకే వీధిలో. కాబట్టి ఈ కథలో సగం నేను చూసింది, మిగతా సగం వారనూ అతని బావమరిదీ వేరువేరుగా నాకు చెప్పింది.

బావమరిది పేరు ఫెరేటి. పెనీనాకు సొంత తమ్ముడు. స్కూలు బస్సు నడుపుతాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ చిన్నతనంలోనే సమోవా నుంచి ఇక్కడికి వచ్చేశారు. అంత్యక్రియల రోజు ఫెరేటి శవపేటిక మీద పడి ఏడ్చిన ఏడుపుకి వీధి చివరి ఇంట్లో కుక్కలు కూడా అరిచాయి. ఆక్లండ్ నుంచి దిగిన బంధువులు చాపలు పరుచుకుని రెండు రోజులపాటు పాడుతూ, ఏడుస్తూ, మళ్ళీ పాడుతూ కూర్చున్నారు. వారన్ మాత్రం కుర్చీలు మోశాడు. వచ్చినవాళ్ళకి టీ అందిందా, ముసలివాళ్ళకి వీపు ఆనించుకునే చోటు దొరికిందా అని చూసుకున్నాడు. కన్ను తడవలేదు.

"దుఃఖం దిగమింగుకుంటున్నాడు పాపం" అన్నారు మావాళ్ళు. దిగమింగుకోవడానికి లోపల ఏమీ లేదని వారన్ తర్వాత నాతో అన్నాడు.

"పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ గిల్లి చూసుకుంటాం గదా, అట్లా ఉండేది. నా బుగ్గే. గిల్లేదీ నేనే. కానీ ఎవరికో జరుగుతున్నట్టుండేది."

వారం తిరక్కుండానే పనిలోకి వచ్చేశాడు. కత్తి ఎప్పటిలాగే నడిచింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి రొట్టె తినేవాడు. జోకు వేస్తే నవ్వేవాడు కూడా. ఆ నవ్వు చూస్తే నాకే భయం వేసేది.

వాళ్ళ ఇంటి ముందు తోటలో అయిదు పామ్ చెట్లుండేవి. అన్నీ పెనీనా నాటినవే. మా ఊరి చలికి కొబ్బరి బతకదు. అది తెలిసే ఆమె చలికి ఓర్చుకునే రకాలు వెతికి తెచ్చుకుంది. చైనా పామ్‌లు రెండు, విసనకర్ర లాంటి ఆకులతో గుమ్మానికి అటొకటి ఇటొకటి. కంచె దగ్గర ఈ దేశపు సొంత పామ్, నీకౌ ఒకటి. కిటికీ పక్కన క్వీన్ పామ్ ఒకటి. మధ్యలో, ఆ ఇల్లు కొన్న ఏడాది నాటిన జెల్లీ పామ్. బూడిదరంగు నీలం కలిసిన మట్టలు వంగి నేలను తాకుతుండేవి. దానికి కాయలు కాయించేంత ఎండ మా ఊళ్ళో ఏ వేసవిలోనూ కాయలేదు. అయినా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు బండి ఆపి ఫొటో తీసుకునేవాళ్ళు.

ఏటా మే నెల చివర, మా దక్షిణపు చలికాలం మొదలయ్యే ముందు, పెనీనా వాటికి చలి బట్టలు తొడిగేది. మట్టలన్నీ పైకి ఎత్తి, జడ అల్లినట్టు దగ్గరికి చేర్చి, నడుముకు చుట్టుకునే పాత లావలావాలు చింపిన పీలికలతో కట్టేది. మొవ్వు చుట్టూ పొడి గడ్డి కూరేది. ఆ పైన తెల్లటి మంచుగుడ్డ చుట్టి, మొదలు చుట్టూ చెక్కపొట్టు పోసేది. వారన్ పని నిచ్చెన పట్టుకోవడమే. "కదపకు మొద్దూ, నేను కింద పడితే నీకు వంట చేసేదెవరు?" అని పైనుంచి అరిచేది. చలి వదిలేదాకా మా వీధిలో అయిదు తెల్లటి దయ్యాలు నిలబడి ఉండేవి.

ఆ ఏడు మే నెల వచ్చింది, పోయింది. వారన్ ఒకసారి ఏదో సామాను కోసం షెడ్డు తలుపు తీశాడు. మంచుగుడ్డ మడతలు అరలో కనబడ్డాయి. కాసేపు చూసి తలుపు వేసేశాడు. బాధేసి కాదు. కట్టాలన్న ఆలోచనా రాలేదు, వద్దన్న ఆలోచనా రాలేదు.

జూన్ చివర మంచు కురిసింది. ఆ తర్వాత మబ్బు విడిచి ఆకాశం అద్దంలా తేటపడింది. మా మైదానంలో అంతకన్నా చెడ్డ వాతావరణం లేదు. వరసగా మూడు రాత్రులు నేల గడ్డకట్టింది. కుళాయిలు పగిలాయి. ఫ్యాక్టరీ దారిలో రెండు లారీలు జారి కాలవలో పడ్డాయి. నాలుగో రోజు ఎండ రాగానే పెనీనా చెట్ల ఆకులు ఉడికించిన తోటకూరలా నల్లబడి వేలాడాయి. వారం తిరిగేసరికి టీ డికాషన్ రంగుకి వచ్చాయి.

ఆ ఆదివారం పొద్దున ఫెరేటి అలవాటు ప్రకారం గిన్నె పట్టుకుని వచ్చాడు. కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంపలు. గేటు తీసి అక్కడే ఆగిపోయాడు. గిన్నె గోడ మీద పెట్టి జెల్లీ పామ్ దగ్గరికి వెళ్ళాడు. మట్ట ముట్టుకుంటే చేతికి మెత్తగా తగిలింది.

"బావా!" అని అరిచాడు. "బావా, బయటికి రా!"

వారన్ చెప్పులు వేసుకుని వచ్చాడు.

"గుడ్డ కట్టలేదా?"

"లేదు."

"ఎందుకు కట్టలేదు?"

"తెలీదు."

"తెలీదేంటి? ఒంట్లో బాలేదా? మర్చిపోయావా? ఫోన్ చేస్తే నేను రానా? చర్చి కుర్రాళ్ళు పదిమంది రారా?"

"మర్చిపోలేదు. కట్టలేదంతే."

ఫెరేటి కళ్ళు అప్పటికే కారుతున్నాయి. అతనికి కోపం వచ్చినా కన్నీళ్ళే, నవ్వొచ్చినా కన్నీళ్ళే. "అక్క పోయినప్పుడు కూడా అంతే. కొయ్యలాగా నిలబడ్డావ్. నేను అందరితో కొట్లాడా, మా బావ లోపల కుమిలిపోతున్నాడ్రా అని. ఇప్పుడు చెప్పు. నీ ఒంట్లో రక్తం ఉందా, లేకపోతే ఆ ఫ్యాక్టరీలో గొర్రెలతోపాటు నీదీ కార్చేశారా?"

వారన్ కాసేపు ఆలోచించాడు, అది నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అన్నట్టు. "చలిగా ఉంది ఫెరేటీ. లోపలికి రా, టీ పెడతా" అన్నాడు.

ఫెరేటి లోపలికి రాలేదు. షెడ్డులోకి వెళ్ళి మంచుగుడ్డ, గడ్డి, నిచ్చెన బయటికి లాక్కొచ్చాడు. చచ్చిన ఆకుల్ని పోగుచేసి చుట్టడం మొదలుపెట్టాడు. నిచ్చెన ఊగుతుంటే వారన్ వెళ్ళి పట్టుకున్నాడు. కంచె అవతల నుంచి పక్కింటి థెల్మా తల బయటపెట్టింది. ఎనభై దాటిన మనిషి, గులాబీలంటే ప్రాణం. పామ్ చెట్లు ఈ ఊళ్ళో ఉండకూడదని పాతికేళ్ళుగా పెనీనాతో తగువు పెట్టుకుంటూనే ఆవిడ చేసిన కేకులు తిన్నది.

"ఊపిరి పోయాక దుప్పటి కప్పుతున్నారేం నాయనా?" అంది.

"నోర్ముయ్యి థెల్మమ్మా. ఇవాళ నీతో పడే ఓపిక లేదు" అన్నాడు ఫెరేటి ముక్కు చీదుకుంటూ.

"నా మాట విను. తడి ఆకుల్ని బిగించి కట్టకు, లోపల కుళ్ళుతాయి. ఊరికే గుడ్డ కప్పి, పగటిపూట తీస్తుండు. ఎండిన మట్టలు కోసెయ్యకండి. చలి పోయేదాకా మొవ్వుకి అవే చొక్కా."

"నీకెట్లా తెలుసు?"

"మీ అక్క ఏటా అరిచి మరీ చెప్పేది కదా. నేనేమైనా చెవిటిదాన్నా?"

అలా జూలై అంతా గడిచింది. పొద్దున పనికి పోతూ గుడ్డ తీయడం, సాయంత్రం కప్పడం వారన్ పని అయింది. ఎందుకు చేస్తున్నావని అడిగితే, "ఫెరేటి చెప్పాడు" అనేవాడు. ఫ్యాక్టరీలో గంట మోగితే బల్ల దగ్గరికి వెళ్ళినట్టే ఇదీ.

ఫెరేటి ప్రతి ఆదివారం వచ్చేవాడు. పొద్దున పదిన్నరకే వచ్చి మధ్యాహ్నం దాకా ఉండేవాడు. అతని భార్య అలీతాసి వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. ఆదివారాలు ఆమెకు పగటి డ్యూటీ. శనివారం ఆమె వండిపెట్టిందే ఫెరేటి గిన్నెలో పెట్టుకుని తెచ్చేవాడు. ఇద్దరూ వంటింట్లో కూర్చుని తినేవాళ్ళు. ఫెరేటి మాట్లాడేవాడు, వారన్ వినేవాడు. ఉప్పు ఎక్కువైందని ఫెరేటి అంటే తల ఊపేవాడు, తక్కువైందన్నా ఊపేవాడు.

ఆగస్టు చివర చెట్లను పరీక్షించే రోజు వచ్చింది. పామ్ చెట్టు బతికిందో లేదో పైకి చూస్తే తెలియదు. నడిమధ్య నిటారుగా నిలబడి, ఇంకా విచ్చుకోని ఆకు ఒకటి ఉంటుంది, మొవ్వాకు. దాన్ని పట్టి మెల్లగా లాగాలి. గట్టిగా ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టు. చేతిలోకి ఊడివస్తే కుళ్ళు దిగినట్టు.

గుమ్మం పక్క చైనా పామ్‌లు రెండూ కదల్లేదు. ఫెరేటి వాటిని ముద్దుపెట్టుకున్నాడు. నీకౌ మొవ్వాకు తాకగానే ఊడి పడింది. క్వీన్ పామ్ మొవ్వాకు అడుగు దాకా గోధుమరంగు తిరిగి ఊడింది, కింద కాండం కూడా వేలితో నొక్కితే గుంట పడింది. జెల్లీ పామ్ దగ్గరికి వచ్చేసరికి ఫెరేటి నిచ్చెన ఎక్కనన్నాడు.

"నువ్వెక్కు బావా. నావల్ల కాదు."

వారన్ ఎక్కి లాగాడు. సీసా మూత వచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. అడుగున చేయంత పొడుగు కుళ్ళు. కిందున్న ఫెరేటి ఆ కంపుకి ముక్కు మూసుకున్నాడు. వారన్ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, దిగి, కంచె పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

మరుసటి వారం ఫెరేటి ఎవరి దగ్గరో రంపం యంత్రం అడిగి తెచ్చాడు. ముందు నీకౌ కొట్టేశారు, తర్వాత క్వీన్ పామ్. వేర్లు కూడా పెకిలించి గుంటలు చదును చేశారు. యంత్రం ఆపకుండానే ఫెరేటి జెల్లీ పామ్ వైపు నడిచాడు.

"వద్దు" అన్నాడు వారన్.

యంత్రం హోరులో వినపడలేదు. వారన్ వెళ్ళి చెట్టుకీ అతనికీ మధ్య నిలబడ్డాడు. ఫెరేటి యంత్రం ఆపాడు.

"ఏంటి?"

"దీన్ని కొట్టొద్దు."

"బావా, మొవ్వు పోయింది. నీ చేత్తోనే లాగావ్. రోజూ దీన్ని చూస్తూ స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని పోవాల్సింది నేను. నా బస్సు నీ ఇంటి ముందు నుంచే పోతుంది. నావల్ల కావట్లేదు."

"వేరే వీధిలోంచి పో."

ఫెరేటి నోరు తెరుచుకుని చూశాడు. అక్క పోయినప్పటి నుంచి ఈ మనిషి దేనికీ కాదనలేదు. ఆమె బట్టలు బంధువులు పట్టుకుపోతామంటే సరేనన్నాడు. కారు అమ్మేద్దామంటే సరేనన్నాడు.

"ఎందుకు వద్దు?"

"తెలీదు. వద్దన్నాను."

"కొట్టకుండా ఏం చేస్తావ్?"

వారన్ ఇంట్లోకి వెళ్ళి ఫ్యాక్టరీ కత్తుల సంచీ తెచ్చాడు. పొడుగాటి కత్తి తీసి సాన పట్టాడు. నిచ్చెన ఎక్కి చెట్టు తల నుంచి పల్చటి బిళ్ళలుగా కోయడం మొదలుపెట్టాడు. మొదటి బిళ్ళ నల్లగా, జావలా ఉంది. తర్వాతది గోధుమరంగు. అతనికి కంపు తెలియలేదు. ఆ వాసనల్లోనే బతికిన ముక్కు అది. ఒక్కో బిళ్ళ కోసి, చూసి, కింద పడేసి, మళ్ళీ కోశాడు. "చాలు బావా, ఇంకేం మిగలదు" అని కింద నుంచి ఫెరేటి అంటూనే ఉన్నాడు. బిళ్ళల మధ్యలో గోధుమ చుక్క చిన్నదవుతూ వచ్చింది. చివరికి ఒక బిళ్ళ తెల్లగా, శుభ్రంగా, చెరుకు కోసినట్టు తడిగా వచ్చింది.

"తెలుపు" అన్నాడు వారన్.

"ఎర్రగా ఉంది కదరా అయ్యా!" అని కేక పెట్టాడు ఫెరేటి. "నీ చెయ్యి! నీ చెయ్యి చూసుకో!"

ఎడమ అరచెయ్యి బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా తెగి ఉంది. రక్తం మోచేతి మీదుగా కారి కోటు తడిపేసింది. ఎప్పుడు తెగిందో వారన్‌కి తెలియదు. కోతప్పుడు వేసుకునే ఇనప చేతితొడుగు ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. ఫెరేటి మంచుగుడ్డ చింపి బిగించి కట్టి, బస్సులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నడిపినంతసేపూ తిట్టాడు, ఏడ్చాడు. ఆసుపత్రి మలుపులో మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏంటి?" అన్నాడు వారన్.

"ఉందిలే బావా. రక్తం బాగానే ఉంది."

వారన్‌కి కూడా నవ్వొచ్చింది. కుట్లు వేసే నర్సు, తాగి వచ్చారేమోనని ఇద్దర్నీ వాసన చూసింది.

మిగతా పని ఫెరేటి చేశాడు, వారన్ ఒంటి చేత్తో చూపిస్తుంటే. మందుల షాపులో గాయాలు కడిగే పెరాక్సైడ్ సీసా కొని కోసిన చోట పోశారు. అది పాలు పొంగినట్టు పొంగింది. పొంగడం తగ్గేదాకా నాలుగు రోజులు పోశారు. తర్వాత మళ్ళీ కుళ్ళు సోకకుండా రాగి మందు పొడి చల్లారు. వానపడకుండా, గాలి మాత్రం ఆడేట్టు, పైన రేకు ముక్కని నాలుగు కర్రల మీద ఎత్తి పెట్టారు. ఇక చేయగలిగింది లేదు. ఎరువు వేద్దామన్నాడు ఫెరేటి. "జ్వరమొచ్చినవాడికి విందు పెడతావా?" అంది థెల్మా కంచె మీద నుంచి.

అక్టోబరులో ఒకరోజు కూరగాయల షాపులో సమోవా చర్చి పాస్టరు వారన్‌కి ఎదురయ్యాడు. చెయ్యి ఎలా ఉందని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "వారన్‌గారూ, ఫెరేటికి మామీద ఏమైనా కోపమా?" అన్నాడు.

"ఎందుకు?"

"మార్చి నుంచి చర్చికి రావట్లేదు. అలీతాసి ఏమో ప్రతి ఆదివారం చర్చికి పంపిస్తున్నానంటోంది. గాయకుల్లో అతని గొంతు లేక కింది స్థాయిలో పాట నిలబడట్లేదు."

వారన్ సంచీ పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆదివారం పదిన్నరలు గుర్తొచ్చాయి. చర్చి ప్రార్థన మొదలయ్యే వేళ అది. పెనీనా కుర్చీలో కూర్చుని నీళ్ళడిగిన గది ఆ చర్చిలోదే. తన వంటింట్లో కూర్చుని ఏడ్చి, ముక్కు చీది, దుంపలు తిన్న మనిషి ఆ గదిలో అడుగుపెట్టలేక ఇక్కడికి వస్తున్నాడన్నమాట. తనని ఓదార్చడానికి వస్తున్నాడనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆ ఆదివారం ఫెరేటి గేటు తీసేసరికి వారన్ పెళ్ళినాటి కోటు తొడుక్కుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి బావా?"

"చర్చికి. నువ్వు కూడా."

ఫెరేటి ముఖం వాడిపోయింది. "నీకు దేవుడంటే నమ్మకమే లేదు కదా."

"లేదు. పద."

"నేను రాలేను. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది."

"నేను అందులో కూర్చుంటాలే" అన్నాడు వారన్.

అన్నట్టే కూర్చున్నాడు. గాయకుల పక్కన, గోడవారగా ఉన్న కుర్చీలో, తెల్ల బట్టల ఆడవాళ్ళ మధ్య. వాళ్ళ భాష అతనికి సగమే తెలుసు. మొదటి పాటకి ఫెరేటి నోరు విప్పలేదు. రెండో పాటకి కూడా. మూడో పాట సగంలో ఎక్కడో అతని గొంతు కింద నుంచి లేచి, మిగతా గొంతులన్నిటి కిందా చేరి నిలబడింది. ముసలమ్మలు వెనక్కి తిరిగి చూశారు. వారన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. పాట బాగుందని తెలిసింది. ఛాతీలో ఏమైనా కదులుతుందేమోనని కాస్త ఎదురుచూశాడు కూడా. ఏమీ కదల్లేదు. చెక్క కుర్చీ గట్టిగా ఉంది, చెయ్యి కుట్లు వేసిన మచ్చ దగ్గర దురద పెడుతోంది. "కానీ అక్కడ కూర్చోవడం కష్టంగా లేదు" అని నాతో అన్నాడు. "అంతకుముందు ఎక్కడ కూర్చున్నా కష్టంగానే ఉండేది. అది కూడా లేచాకే తెలిసింది."

ఆ తర్వాత ఫెరేటి చర్చికి వెళ్ళడం మానలేదు. వారన్ ఎప్పుడైనా వెళ్తాడు, ఎప్పుడైనా వెళ్ళడు.

డిసెంబరు మొదటి వారంలో జెల్లీ పామ్ కోసిన చోట, తెల్లటి గుండ్రం మధ్యలోంచి, వేలంత ఆకుపచ్చ ముక్క పైకి వచ్చింది. వచ్చిన ఆకు అందంగా లేదు. కొసలు కత్తెరతో కత్తిరించినట్టు మొండిగా, సగం గోధుమరంగులో ఉంది. ఫెరేటి బస్సు నడిరోడ్డు మీద ఆపి, పిల్లలందర్నీ కిటికీల దగ్గరికి పిలిచి చూపించాడు. పిల్లలకి అందులో చూడాల్సిందేమిటో అర్థం కాలేదు. రెండో ఆకు ఇంకాస్త మెరుగ్గా వచ్చింది. పాత అందం రావాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది. మధ్యలో ఇంకో పాడు చలికాలం వస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

"సంతోషంగా ఉందా?" అని నేను వారన్‌ని బల్ల దగ్గర అడిగాను.

"ఉండాలి" అన్నాడు ఎముక మీద నుంచి కత్తి ఎత్తకుండా. ఆ ఎముక పక్కన పడేసి, "పొద్దున లేవగానే ముందు దాని దగ్గరికే వెళ్తున్నా. అది సంతోషమో ఏమో" అన్నాడు.

ఇప్పటికీ ఏడవలేదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే, ఈ ఏడు వానలు పడలేదని చెప్పినంత మామూలుగా చెబుతాడు.

నీకౌ, క్వీన్ పామ్ పోయిన చోట్ల ఫెరేటి మళ్ళీ పామ్ మొక్కలే పెడదామన్నాడు. వారన్ ఒప్పుకోలేదు. అక్టోబరులోనే అక్కడ బంగాళాదుంపలు పెట్టాడు. క్రిస్మస్ ముందురోజు బకెట్టు నిండా తవ్వి, మన్ను కూడా కడక్కుండా ఫెరేటి ఇంటికి పట్టుకెళ్ళాడు. అలీతాసి వాటిని చూసి, "గోళీలంత ఉన్నాయేంటి అన్నయ్యా, ఇంకో పదిరోజులు ఆగలేకపోయావా?" అంది.

"ఆగలేకపోయాను" అన్నాడు వారన్. కాళ్ళ మట్టి గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి వెళ్ళాడు.